కౌంటర్ పొంగింది, కబురు అందలేదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయం గురించి ఉన్నాయి: ప్రాసెసర్ చేసే పనిని లెక్కపెట్టే పర్ఫార్మెన్స్ కౌంటర్లు, అవి పంపే ఇంటరప్టులు (నడుస్తున్న పనిని ఆపి ప్రాసెసర్‌ను పిలిచే కబుర్లు), వాటిని కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో) సరిచూసుకోవడంలో ఎదురయ్యే చిక్కులు. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే మిగిలిన మూడింటికి కావలసిన మూలం అందులోనే ఉంది.

ప్రశ్న: నేను బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం 64 బిట్ల చిన్న కెర్నల్ ఒకటి మొదటి నుండి నేనే రాస్తున్నాను. ఏ ఫంక్షన్‌లో ఎక్కువ సమయం ఖర్చవుతోందో తెలుసుకోవాలని ఇంటెల్ ప్రాసెసర్‌లోని సైకిల్ కౌంటర్‌ను ప్రతి 1,00,000 సైకిళ్లకు ఒకసారి ఎన్‌ఎమ్‌ఐ (మామూలుగా ఆపడానికి వీలులేని ఇంటరప్ట్) పంపేలా అమర్చాను. ల్యాబ్‌లోని డెస్క్‌టాప్ మీద ఆ ఇంటరప్ట్ సరిగ్గా ఒక్కసారి వస్తుంది, ఆ తరువాత ఎంతసేపు చూసినా రాదు. ఇంటరప్ట్ రాగానే నడిచే హ్యాండ్లర్‌లో ఒక ప్రింట్ లైను పెడితే ఒక్కోసారి యంత్రమే బిగుసుకుపోతోంది. యంత్రాన్ని అనుకరించే క్యూఈఎంయూలో నడిపితే ఆ ఒక్కటి కూడా రావడం లేదు. తప్పు ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి?
— ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో "సరిగ్గా ఒక్కసారి" అన్న మాట చదవగానే నాకు లోకల్ ఏపిక్‌లోని (సీపీయూకు ఇంటరప్టులను అందించే భాగంలోని) మాస్క్ బిట్ (ఇంటరప్ట్‌ను అడ్డుకునే బిట్) మీద అనుమానం కలిగింది. అయితే ఆ అనుమానం చెప్పి ఊరుకుంటే మీరు ఒక లైను చేర్చి ముందుకు వెళ్లిపోతారు. రేపు మరో ప్రాసెసర్ మీద మరో రూపంలో ఇదే చిక్కు వస్తే మళ్లీ మొదటికి వస్తారు. అందుకని ఆ కబురు నడిచే దారి మొత్తం చెబుతాను.

కౌంటర్ అంటే ఒక సంఖ్యను పెంచుకుంటూ పోయే రిజిస్టర్. ఇప్పటి ఇంటెల్ యంత్రాలలో దాని వెడల్పు సాధారణంగా 48 బిట్లు. 1,00,000 సైకిళ్ల తరువాత ఇంటరప్ట్ కావాలంటే మనం అందులో మైనస్ 1,00,000 రాస్తాము, అంటే 28,14,74,97,66,10,656 అనే సంఖ్య. అక్కడి నుండి లక్ష అడుగులు వేయగానే 48 బిట్లూ నిండి కౌంటర్ సున్నాకు తిరుగుతుంది. పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగుతుంది. పొంగగానే గ్లోబల్ స్టేటస్ రిజిస్టర్‌లో ఆ కౌంటర్‌కు చెందిన బిట్ 1 అవుతుంది. ఈవెంట్ సెలెక్ట్ రిజిస్టర్‌లోని 20వ బిట్‌ను మీరు ముందే 1 చేసి ఉంటే, ఆ క్షణంలోనే లోకల్ ఏపిక్‌కు ఒక సంకేతం వెళుతుంది. ఆ సంకేతాన్ని ఏ రూపంలో ప్రాసెసర్‌కు అందించాలో, మామూలు వెక్టర్‌గానా (సంఖ్య గల సాధారణ ఇంటరప్ట్‌గానా) ఎన్‌ఎమ్‌ఐగానా అన్నది, ఏపిక్‌లో హెక్స్ 340 దగ్గర ఉండే పర్ఫార్మెన్స్ కౌంటర్ ఎంట్రీ నిర్ణయిస్తుంది. కౌంటర్ పొంగడం, స్టేటస్ బిట్ పడటం, ఏపిక్ కబురు అందించడం అనే మూడూ వేర్వేరు చోట్ల జరిగే పనులు. ఒకటి జరిగింది కాబట్టి మరొకటి జరిగే ఉంటుందని అనుకోవడం దగ్గరే చాలామంది రోజులు పోగొట్టుకుంటారు.

ఇప్పుడు మీరు చేయవలసిన పరీక్ష ఇది. మొదటి ఇంటరప్ట్ వచ్చిన తరువాత ఒక సెకను ఆగి, హ్యాండ్లర్‌లో కాకుండా మామూలు కోడ్‌లో, అదే సీపీయూ మీద, మూడు విలువలు చదవండి: కౌంటర్, గ్లోబల్ స్టేటస్, హెక్స్ 340 ఎంట్రీ. అదే సీపీయూ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. కౌంటర్లూ లోకల్ ఏపిక్కూ ప్రతి లాజికల్ ప్రాసెసర్‌కూ విడివిడిగా ఉంటాయి, పక్క సీపీయూలో చదివిన విలువ మీకు ఏమీ చెప్పదు.

మీ ప్రాసెసర్ 3 గిగాహెర్ట్జ్‌లో నడుస్తోందనుకుందాం. సెకను తరువాత కౌంటర్‌లో దాదాపు 300 కోట్లు కనిపిస్తే, అది చివరిసారి పొంగిన తరువాత ఎవరూ దాన్ని ముట్టుకోలేదన్నమాట. అయితే ఈ ఒక్క అంకె చూసి నిర్ణయానికి రాకూడదు, ఎందుకంటే రెండు వేర్వేరు తప్పులు ఇదే అంకెను చూపిస్తాయి. హ్యాండ్లర్ స్టేటస్ బిట్‌ను చెరిపి, కౌంటర్‌లో మైనస్ లక్షను తిరిగి రాయడం మరచిపోతే కౌంటర్ సున్నా నుండి అలా పెరుగుతూ పోతుంది. స్టేటస్ బిట్ 0గానే ఉంటుంది, ఆ వేగంలో తిరిగి పొంగడానికి సుమారు 26 గంటలు పడుతుంది. అలా కాకుండా తిరిగి రాసి ఉంటే, 33 మైక్రోసెకన్లలోనే రెండోసారి పొంగి, అక్కడి నుండి పెరుగుతూ ఉంటుంది. అప్పుడు స్టేటస్ బిట్ 1గా ఉంటుంది. అంటే రెండో కబురు బయలుదేరింది, దారిలో ఆగింది. హెక్స్ 340 ఎంట్రీలో 16వ బిట్ కూడా 1గా కనిపిస్తే ఎక్కడ ఆగిందో మీకు దొరికినట్టే. కౌంటర్ అసలు కదలకుండా ఒకే అంకె దగ్గర నిలిచిపోయి ఉంటే అది మూడో సంగతి: హ్యాండ్లర్ మొదట్లో, కౌంటర్లన్నింటినీ వెలిగించి ఆపే గ్లోబల్ కంట్రోల్ రిజిస్టర్‌ను సున్నా చేసి, చివర్లో తిరిగి వెలిగించడం మరచిపోయి ఉంటారు.

ఆ 16వ బిట్టే మాస్క్. మీరు దాన్ని ఎప్పుడూ 1 చేయలేదని అనవచ్చు. నిజమే, చేసింది ప్రాసెసర్. ఇంటెల్ యంత్రాలలో పర్ఫార్మెన్స్ కౌంటర్ ఇంటరప్ట్‌ను అందించిన వెంటనే లోకల్ ఏపిక్ తనంతట తానే ఆ ఎంట్రీకి మాస్క్ వేసుకుంటుంది. హ్యాండ్లర్ తన పని ముగించి ఆ ఎంట్రీని మాస్క్ లేకుండా తిరిగి రాసేదాకా మరో కబురు రాదు, ఆ మధ్యలో వచ్చిన సంకేతం దాచిపెట్టబడదు, పోతుంది. ఏపిక్‌లోని టైమర్ ఎంట్రీ ఇలా ప్రవర్తించదు కాబట్టి, టైమర్ హ్యాండ్లర్‌ను చూసి ఈ హ్యాండ్లర్‌ను రాసినవారందరూ ఇక్కడ తడబడతారు. క్రమం కూడా ముఖ్యం: కౌంటర్లను ఆపి, స్టేటస్ చదివి, కౌంటర్‌లో విలువ తిరిగి రాసి, స్టేటస్ చెరిపి, ఆ తరువాతే మాస్క్ తీసి, చివరిగా కౌంటర్లను వెలిగించండి. స్టేటస్ చెరపకముందే మాస్క్ తీస్తే హాస్‌వెల్ తరం ప్రాసెసర్లలో పని లేని ఇంటరప్టులు అదనంగా వచ్చేవి. లినక్స్ కెర్నల్ ఆ తరం నుండి మాస్క్ తీయడాన్ని అందుకే వెనక్కి జరిపింది.

ఒక్కటి కూడా రాని పరిస్థితి మీకు డెస్క్‌టాప్ మీద ఇంకా ఎదురు కాలేదు గాని, రెండో సీపీయూను లేపిన రోజున ఎదురవుతుంది, కాబట్టి ముందే చెబుతున్నాను. రీసెట్ తరువాత ఏపిక్‌లోని ఈ ఎంట్రీలన్నీ మాస్క్ వేసుకునే ఉంటాయి. స్ప్యూరియస్ వెక్టర్ రిజిస్టర్‌లోని 8వ బిట్ ద్వారా ఏపిక్‌ను వెలిగించకముందు మీరు మాస్క్ తీయాలని ప్రయత్నిస్తే, ఆ రాతను హార్డ్‌వేర్ పట్టించుకోదు. తప్పు జరిగిందని ఏ సూచనా రాదు. నేను గతంలో పనిచేసిన ఒక చోట, మొదటి సీపీయూ మీద చక్కగా పనిచేసే కోడ్ మిగతా సీపీయూల మీద మౌనంగా ఉండిపోతే మూడు రాత్రులు కూర్చున్నాను. రాసిన వెంటనే ఆ రిజిస్టర్‌ను తిరిగి చదివి చూసి ఉంటే మూడు నిమిషాల పని. ఆ రెండు లైన్లూ ఒకదాని ముందు ఒకటి తారుమారుగా ఉన్నాయి, అంతే. అప్పటి నుండి ఏపిక్‌లో ఏది రాసినా తిరిగి చదివి సరిపోల్చుకోకుండా ముందుకు వెళ్లను.

ఇక యంత్రం బిగుసుకుపోవడం గురించి. ఇంటరప్టులను ఆపే సీఎల్ఐ ఇన్‌స్ట్రక్షన్ ఎన్‌ఎమ్‌ఐని ఆపలేదు. మీ ప్రింట్ ఫంక్షన్ తెర మీద రాయడానికి ఒక లాక్ తీసుకుంటుంది కదా. మామూలు కోడ్ ఆ లాక్‌ను చేతిలో పట్టుకుని ఉన్న క్షణంలో ఎన్‌ఎమ్‌ఐ వచ్చి, హ్యాండ్లర్ కూడా అదే లాక్ కోసం తిరగడం మొదలుపెడితే, లాక్ వదలవలసిన కోడ్ హ్యాండ్లర్ ముగిసేదాకా కదలదు, హ్యాండ్లర్ లాక్ దొరికేదాకా ముగియదు. "ఒక్కోసారి" మాత్రమే ఇలా కావడానికి కారణం ఆ కలయిక అరుదుగా జరగడమే. దీనికి మందు హ్యాండ్లర్‌లో ప్రింట్ చేయకపోవడం. ప్రతి సీపీయూకు 256 గడుల అరే ఒకటి ముందే కేటాయించుకుని, ఇంటరప్ట్ వచ్చిన ప్రతిసారీ ఒక గడిలో ఆగిన చోటి ఇన్‌స్ట్రక్షన్ అడ్రసు, చెరపకముందు చదివిన స్టేటస్, కౌంటర్ విలువ రాసి సూచికను ఒకటి పెంచండి. ప్రింట్ చేసే పని తీరికగా మామూలు కోడ్ చూసుకుంటుంది. ఆ గడులలో కౌంటర్ విలువ ఒక ముచ్చటైన విషయం చెబుతుంది: హ్యాండ్లర్ చదివేసరికి అది సున్నాగా ఉండదు, కొన్ని వందలో వేలో ఉంటుంది. పొంగిన క్షణానికీ మీరు కౌంటర్‌ను ఆపి చదివిన క్షణానికీ మధ్య గడిచిన సైకిళ్లు అవి. నమోదైన అడ్రసు కూడా అందుకే అసలు కారణమైన ఇన్‌స్ట్రక్షన్‌ది కాక, దానికి కొంచెం తరువాతిది కావచ్చు.

నా సలహా, మొదట ఎన్‌ఎమ్‌ఐని పక్కన పెట్టి మామూలు వెక్టర్‌తో పని నడిపించండి. అప్పుడు హ్యాండ్లర్ చివర ఈఓఐ (ఇంటరప్ట్ పని ముగిసిందని ఏపిక్‌కు చెప్పే రాత) రాయడం మాత్రం మరవకండి. దారి అంతా సరిగా ఉందని తేలిన తరువాత ఎన్‌ఎమ్‌ఐకి మారండి. మారేటప్పుడు దానికి ఐఎస్‌టీ (ఇంటరప్టులకు విడి స్టాక్‌లు ఇచ్చే పట్టిక) ద్వారా ప్రత్యేక స్టాక్ ఇవ్వడం తప్పనిసరి. 64 బిట్ల పద్ధతిలో సిస్‌కాల్ ఇన్‌స్ట్రక్షన్ కెర్నల్‌లోకి వచ్చిన మొదటి కొన్ని ఇన్‌స్ట్రక్షన్లలో స్టాక్ పాయింటర్ ఇంకా యూజర్ ప్రోగ్రామ్‌దే ఉంటుంది. సరిగ్గా అక్కడ ఎన్‌ఎమ్‌ఐ దిగితే, ప్రత్యేక స్టాక్ లేని కెర్నల్ తన రిజిస్టర్లను యూజర్ చూపించిన చోట రాసుకుంటుంది. జీఎస్ బేస్ (కెర్నల్ తన సీపీయూ సమాచారాన్ని వెతుక్కునే అడ్రసు) కూడా ఆ క్షణంలో యూజర్‌దో కెర్నల్‌దో తెలియదు కాబట్టి, ముందు పరిశీలించి ఆ తరువాతే మార్చాలి.

క్యూఈఎంయూ సంగతి తేలిక. కేవీఎమ్ (అసలు ప్రాసెసర్ మీదే వర్చువల్ మెషీన్‌ను నడిపించే లినక్స్ సౌకర్యం) లేకుండా నడిపినప్పుడు అది ఎక్స్86 పర్ఫార్మెన్స్ కౌంటర్లను అనుకరించదు. మీ కెర్నల్ మొదలయ్యేటప్పుడు సీపీయూఐడీ (ప్రాసెసర్ తన వివరాలు చెప్పే ఇన్‌స్ట్రక్షన్) 10వ లీఫ్‌ను అడగండి. జవాబు వచ్చే ఈఏఎక్స్ రిజిస్టర్‌లోని చివరి 8 బిట్లు వెర్షన్, వాటి పై 8 బిట్లు కౌంటర్ల సంఖ్య, ఆ పై 8 బిట్లు వెడల్పు చెబుతాయి. వెర్షన్ సున్నా అయితే అక్కడ పొంగడానికి ఏమీ లేదు. లినక్స్ యంత్రం మీద కేవీఎమ్‌తో, సీపీయూను హోస్ట్‌గా ఇచ్చి, పీఎమ్‌యూను (కౌంటర్ల విభాగాన్ని) ఆన్ చేసి నడిపితే కౌంటర్లు లోపలికి కనిపిస్తాయి.

మరొక్క మాట. పాత తరహా కౌంటర్ రిజిస్టర్‌లో రాసేటప్పుడు కింది 32 బిట్లే లోపలికి వెళతాయి, 31వ బిట్ పైకి సాగదీయబడుతుంది. లక్షకు ఇబ్బంది లేదు. వ్యవధి 214 కోట్లు దాటించాలని ఎప్పుడైనా అనిపిస్తే పూర్తి వెడల్పు రాయనిచ్చే వేరే రిజిస్టర్లను వాడాలి, లేకపోతే అనుకున్నదానికంటే ముందే ఇంటరప్ట్ వచ్చి మీ లెక్కలన్నీ తప్పుతాయి.

ప్రశ్న: మా సర్వర్లలో పెర్ఫ్‌తో (లినక్స్‌లో పనితీరు కొలిచే సాధనంతో) ఒకేసారి నాలుగైదు ఈవెంట్లను నమోదు చేస్తున్నప్పుడు కెర్నల్ లాగ్‌లో "కారణం తెలియని ఎన్‌ఎమ్‌ఐ వచ్చింది, కారణం 2డి" అనీ, కొన్నిసార్లు "3డి" అనీ, ఆ కిందనే "డేజ్డ్ అండ్ కన్ఫ్యూజ్డ్, బట్ ట్రయింగ్ టు కంటిన్యూ" అనీ పడుతోంది. మెమరీ పాడైందేమోనని భయంగా ఉంది. బోర్డు మార్చాలా?
— సర్వర్ల నిర్వహణ చూసే ఒక ఇంజినీరు, హైదరాబాద్

జవాబు: బోర్డు జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ 2డి, 3డి అన్నవి పోర్ట్ హెక్స్ 61 నుండి చదివిన ఒక బైటు. అందులో 7వ బిట్ వెలిగితే మెమరీ లేదా సిస్టమ్ బస్ లోపం, 6వ బిట్ వెలిగితే ఐఓ చెక్ లోపం. 2డిని బిట్లుగా విడదీస్తే 00101101, 3డి అయితే 00111101. రెండింటిలోనూ పై రెండు బిట్లు సున్నాలే. వాటి మధ్య తేడా 4వ బిట్ ఒక్కటే, అది పాత మెమరీ రిఫ్రెష్ సంకేతంతో పాటు తనంతట తాను మారుతూ ఉండే బిట్. కాబట్టి రెండు రకాల లోపాలు ఉన్నాయని కూడా భావించనక్కరలేదు.

అసలు జరిగేది ఇది. ఒక ఎన్‌ఎమ్‌ఐ హ్యాండ్లర్ నడుస్తుండగా మరొకటి వస్తే ప్రాసెసర్ ఆ ఒక్కదాన్ని పట్టి ఉంచి, మొదటిది ముగియగానే అందిస్తుంది. రెండు కౌంటర్లు దాదాపు ఒకేసారి పొంగినప్పుడు మొదటి ఎన్‌ఎమ్‌ఐలోనే హ్యాండ్లర్ రెండింటినీ చూసి సరిచేస్తుంది. పట్టి ఉంచిన రెండో ఎన్‌ఎమ్‌ఐ వచ్చేసరికి చేయడానికి పని ఉండదు, ఏ హ్యాండ్లరూ అది నాదని ఒప్పుకోదు. లినక్స్ దీన్ని చాలావరకు గుర్తిస్తుంది: ఒకే ఎన్‌ఎమ్‌ఐలో ఒకటి కంటే ఎక్కువ ఈవెంట్లు తీరి, తరువాతి ఎన్‌ఎమ్‌ఐ అదే ఇన్‌స్ట్రక్షన్ అడ్రసు దగ్గర వస్తే దాన్ని మౌనంగా మింగేస్తుంది. ఏఎండీ ప్రాసెసర్లలో జెన్ 4కు ముందు గ్లోబల్ స్టేటస్ రిజిస్టరే లేదు. కౌంటర్ పై బిట్‌ను చూసి పొంగిందో లేదో ఊహించవలసిందే. ఆలస్యంగా వచ్చే ఎన్‌ఎమ్‌ఐల కోసం 2019లో అక్కడ 100 మిల్లీసెకన్ల గడువు పెట్టారు. మీ కెర్నల్ అంతకంటే పాతదైతే ముందు దాన్ని మార్చండి.

నిర్ధారించుకోవడానికి ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైలులో ఎన్‌ఎమ్‌ఐ వరుసనూ పీఎమ్‌ఐ (కౌంటర్ ఇంటరప్టుల) వరుసనూ పది నిమిషాల తేడాతో రెండుసార్లు చూడండి. రెండూ దాదాపు కలిసి పెరుగుతూ, పెర్ఫ్ ఆపగానే ఆ సందేశమూ ఆగిపోతే అది కౌంటర్ల వ్యవహారమే. ఎన్‌ఎమ్‌ఐ వాచ్‌డాగ్ (సీపీయూ బిగుసుకుపోయిందేమో కనిపెట్టేది) కూడా ఒక కౌంటర్‌ను తన కోసం పట్టుకుంటుందని గుర్తుంచుకుని, పరీక్ష సమయంలో మాత్రం దాన్ని ఆపండి. పెర్ఫ్ నడవనప్పుడు కూడా సందేశం వస్తుంటే మాత్రం నా మాట పక్కన పెట్టి హార్డ్‌వేర్ లాగ్‌లు తీయించండి.

ప్రశ్న: ఆర్మ్ 64 బోర్డు మీద ఒక డ్రైవర్ రాస్తున్నాను. పెర్ఫ్‌తో చూస్తే కెర్నల్ సమయంలో పెద్ద భాగం స్పిన్ అన్‌లాక్ ఐఆర్‌క్యూ రిస్టోర్ అనే ఫంక్షన్‌లోనే పోతున్నట్టు చూపిస్తోంది. లాక్ వదలడానికి అంత సమయం ఎలా పడుతుంది?
— ఒక ఎంబెడెడ్ ఇంజినీరు, బెంగళూరు

జవాబు: పట్టదు. ఎక్స్86లో లినక్స్ ఈ ఇంటరప్ట్‌ను ఎన్‌ఎమ్‌ఐగా తీసుకుంటుంది కాబట్టి, ఇంటరప్టులు ఆపి ఉన్న కోడ్ మధ్యలో కూడా నమూనా పడుతుంది. మీ బోర్డులో కౌంటర్ ఇంటరప్ట్ మామూలు ఇంటరప్ట్. మీ డ్రైవర్ ఇంటరప్టులు ఆపి 80 మైక్రోసెకన్లు పనిచేస్తే, ఆ మధ్యలో కౌంటర్ పొంగినా కబురు గుమ్మం దగ్గరే నిలబడి, ఇంటరప్టులు తిరిగి తెరుచుకున్న మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర లోపలికి వస్తుంది. ఆ ఇన్‌స్ట్రక్షన్ ఉన్నది అన్‌లాక్ ఫంక్షన్‌లో. నింద దాని మీద పడుతోంది, ఖర్చు దాని ముందు జరిగింది.

మీ బోర్డులో జీఐసీ (ఆర్మ్ ఇంటరప్ట్ కంట్రోలర్) 3వ వెర్షన్ గాని ఆ తరువాతిది గాని ఉంటే దారి ఉంది. 2019లో వచ్చిన లినక్స్ 5.1లో ఇంటరప్టుల ప్రాధాన్య స్థాయిలను వాడుకుని ఎన్‌ఎమ్‌ఐ వంటిదాన్ని కల్పించే పద్ధతి చేరింది, 5.10 నుండి పెర్ఫ్ దాన్ని వాడుకుంటోంది. కెర్నల్ కన్ఫిగరేషన్‌లో సూడో ఎన్‌ఎమ్‌ఐ ఎంపికను పెట్టి, బూట్ పారామితులలో జీఐసీవీ3 సూడో ఎన్‌ఎమ్‌ఐని 1 చేయాలి. జీఐసీ 400 వంటి 2వ వెర్షన్ కంట్రోలర్ అయితే ఈ సౌకర్యం లేదు. అప్పుడు కాల్ గ్రాఫ్‌తో (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపేదానితో) నమోదు చేసి అన్‌లాక్‌ను పిలిచిన ఫంక్షన్ ఏదో చూడండి, కెర్నల్ నడకను నమోదు చేసే ఎఫ్‌ట్రేస్‌లోని ఐఆర్‌క్యూస్ ఆఫ్ ట్రేసర్‌తో ఇంటరప్టులు ఎక్కువసేపు ఆగి ఉన్న చోటును పట్టుకోండి.

ఎక్స్86 అలవాటుతో ఆర్మ్‌కు వచ్చినవారికి ఒక హెచ్చరిక. అక్కడ చేయవలసిన పని మరచిపోతే ఇంటరప్ట్ ఆగిపోతుంది. ఇక్కడ మరచిపోతే అసలు ఆగదు. ఆర్మ్‌లో ఈ సంకేతం లెవెల్ పద్ధతిలో ఉంటుంది, ఓవర్‌ఫ్లో బిట్‌ను చెరిపేదాకా గీత ఎత్తిన చేయి దించదు. హ్యాండ్లర్ దాన్ని చెరపకుండా తిరిగి వెళితే, వెళ్లిన మరుక్షణమే మళ్లీ పిలుపు వస్తుంది, బోర్డు చచ్చినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో "ఇంటరప్ట్ టుక్ టూ లాంగ్, 2510 > 2500" అని వస్తోంది. ఇది లోపమా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: లోపం కాదు. పెర్ఫ్ సెకనుకు గరిష్ఠంగా 1,00,000 నమూనాలు తీయవచ్చు, ఆ పనికి సీపీయూ సమయంలో 25 శాతం మించకూడదు అన్నవి కెర్నల్‌లో మొదటి నుండి ఉండే విలువలు. లక్ష నమూనాలంటే ఒక్కోదానికి 10,000 నానోసెకన్లు, అందులో 25 శాతం 2,500. మీ యంత్రంలో హ్యాండ్లర్‌కు సగటున 2,510 పట్టింది కాబట్టి కెర్నల్ గరిష్ఠ వేగాన్ని కొంత తగ్గించింది. లోతైన కాల్ గ్రాఫ్‌లు నమోదు చేసేటప్పుడు ఇది మామూలే. అంకె 2,500 దగ్గర కాకుండా లక్షల్లో ఉంటే మాత్రం, వర్చువల్ మెషీన్‌లో నడుపుతున్నారేమో మొదట చూసుకుని, కాకపోతే హ్యాండ్లర్ మధ్యలో ఫర్మ్‌వేర్ తన ఎస్‌ఎమ్‌ఐతో (కెర్నల్‌కు కనిపించని ఇంటరప్ట్‌తో) ప్రాసెసర్‌ను లాక్కుంటోందేమో పరిశీలించండి. టర్బోస్టాట్ అనే సాధనం చూపించే పట్టికలో ఎస్‌ఎమ్‌ఐ అనే గడి ఆ లెక్క చెబుతుంది.